గంజుకుప్ప వెంట మూడు రోజులు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలు దాటాక, ఒక ఆదివారం మధ్యాహ్నం ద్వాలక్క ఫోన్ చేసింది. అందరూ మానుకోట అని పిలిచే మహబూబాబాద్ పక్కన ఒక తండాలో ఉంటుంది ఆమె. భర్త హైదరాబాదులో మేస్త్రీ కింద పనిచేస్తాడు. ద్వాలక్క ఎకరన్నర చెలకలో ఒంటి చేత్తో కూరగాయలు పండించి, పట్టణంలోని రైతుబజారులో అమ్ముకుంటుంది.

"చెల్లె, నా కారటు గుంజుకున్నరు. నువ్వు రాసిన కాయిదంల నా పేరున్నదట" అంది.

కారటు అంటే కార్డు, రైతు గుర్తింపు కార్డు. అది ఉంటేనే బజారు షెడ్డు కింద గద్దె మీద కూర్చుని అమ్ముకోనిస్తారు. సమ్మెకు రెండు రోజుల ముందు తీసుకున్నారట. ఆఫీసు తెరిస్తే అడుగుదామని ఇన్నాళ్లూ ఆగింది. ఇప్పుడు టమాట కోతకు వచ్చింది. ఇంక ఆగలేదు.

ఆమె పేరు కాగితంలోకి ఎలా ఎక్కిందో చెప్పాలి. జనగామలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను నేను. కూలి చేసుకునే కుటుంబాలకు రైతుబజారు కూరగాయలు ఎందుకు అందడం లేదో, అందాలంటే ఏం చేయాలో చూసి రమ్మని ఎండాకాలంలో నన్ను మానుకోట పంపారు. రెండు వారాలు బజారులో ఒక మూల కూర్చుని, చూసింది చూసినట్టు డైరీలో రాసుకున్నాను. మనుషులను ఆపి అడగడం నాకు చేతకాదు. చూడడం, రాసుకోవడం వచ్చు. ద్వాలక్కే తనంతట తను వచ్చి పలకరించి, నా ఫోన్ నంబరు తీసుకుంది.

బజారు పొద్దున ఆరింటికి తెరుచుకుని మధ్యాహ్నం రెండింటికి ఖాళీ అవుతుంది. అడ్డా మీద నిలబడి పనికి పోయే ఆడవాళ్ల చేతికి కూలి వచ్చేది సాయంత్రం ఆరింటికి. అప్పటికి గేటు బయట మారుబేరం చేసేవాళ్లే మిగులుతారు. వాళ్ల ధర ఎక్కువ, పైగా పావుకిలోకు తక్కువ జోకరు. ఐదు రూపాయలున్న మనిషికి అక్కడ కూర లేదు.

ద్వాలక్క ఒక్కతే పొద్దున తెచ్చిన సరుకులో ఒక గంప పక్కన పెట్టుకునేది. సాయంత్రం బజారు గోడ బయట గోనెసంచి పరిచి కుప్పలు పోసేది. నాలుగు టమాటలు, రెండు వంకాయలు, గుప్పెడు చిక్కుడు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక కొత్తిమీర రెమ్మ, అన్నీ కలిపి ఒక కుప్ప. ఒక గంజులో, అంటే ఒక వంటగిన్నెలో, ఒక పూట కూర. ఐదు రూపాయలు. జోకడం లేదు, బేరం లేదు. అడ్డా మీది ఆడవాళ్లు దాన్ని గంజుకుప్ప అనేవాళ్లు.

నా రిపోర్టులో ఆ కుప్ప గురించి మూడు పేజీలు రాశాను. ఆమె పేరు, తండా పేరు, ఏ గోడ పక్కన ఏ వేళకు కూర్చుంటుందో అన్నీ రాసి, ప్రతి బజారూ ఇలా చేయవచ్చని సలహా ఇచ్చాను. మా సంస్థ ఒక ప్రతి బజారు ఆఫీసుకు పంపింది. బోర్డు మీది ధరకు, కాంటా వేసి, గేటు లోపలే అమ్మాలన్నది బజారు నియమం. కలిపిన కుప్పకు బోర్డు మీద ధర ఉండదు, అది కాంటాకూ ఎక్కదు. గేటు బయట జోకకుండా అమ్మేవాళ్లను దళారుల్లో కలుపుతారు. నేను మెచ్చుకుని రాసిన మూడు పేజీలూ ఆమె మీద ఫిర్యాదు అయ్యాయి.

కార్డు వెనక్కి ఇప్పించడానికి నేనే వెళ్తానన్నాను. మా సంస్థ పెద్దాయన ఒక లేఖ ఇచ్చారు: ఈమె అసలైన రైతు, అమ్మింది సొంత చేను సరుకే, కార్డు తిరిగి ఇవ్వగలరు. దాని కింద బజారు అధికారి సంతకం పడితే చాలు.

సోమవారం పొద్దున ఆరు నలభైకి జనగామలో ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు ఇరవై రెండు రూపాయలు. బస్సులు లేకపోవడంతో జనమంతా రైలు మీద పడ్డారు. సంచిలో లైబ్రరీ పుస్తకం ఉంది కానీ చేయి ఎత్తి తెరిచే జాగా లేదు. నా కాళ్ల దగ్గర సీతాఫలాల గంపతో ఒక అవ్వ కూర్చుంది. పాలకుర్తి నుంచి చీకటితోనే ఆటోలో బయలుదేరి వచ్చిందట, వరంగల్‌లో అమ్ముకోవడానికి.

"జర జరుగు బిడ్డా. పండ్లు నలిగితే నేను నలిగినట్టే" అంది.

ఎదుటి సీటులో పేపరు చదువుతున్న పెద్దమనిషి, "ఇగ వచ్చినట్టే. దీపావళి లోపల తెలంగాణ ఇస్తరట" అన్నాడు.

"ఏ దీపావళి కొడుకా?" అంది అవ్వ. "చెప్పెటోళ్లు పండుగ పేరు చెప్తరు గని ఏడు చెప్పరు."

డబ్బా అంతా నవ్వింది. ఆ పెద్దమనిషి కూడా పేపరు మడిచి నవ్వాడు. అవ్వ నవ్వలేదు. సమ్మె మొదలయినప్పటి నుంచి తాను అమ్మిన పండ్ల కంటే పారబోసినవే ఎక్కువని చెప్పింది. "వస్తె మంచిదే. వచ్చేదాక పండ్లు ఆగుతయా?"

కాజీపేటలో రైలు నలభై నిమిషాలు ఆగింది. కొందరు జెండాలతో పట్టాల మీద కూర్చుని పాటలు పాడారు. ప్రయాణికుల్లో సగం మంది గొంతు కలిపారు. నేనూ పెదవులు కదిపాను. తర్వాత వాళ్లు లేచి పక్కకు జరిగి, మమ్మల్ని పొమ్మని చేతులు ఊపారు.

పది గంటల పదికి మానుకోటలో దిగి నడుచుకుంటూ బజారుకు వెళ్లాను. షెడ్డులో సగం గద్దెలు ఖాళీ. గంపలతో పొద్దున బస్సు ఎక్కి వచ్చే రైతులు రావడం మానేశారు. ధరల బోర్డు మీద సుద్దతో రాసిన అంకెలు సమ్మె ముందు రోజువి. రాసే మనిషి సమ్మెలో ఉన్నాడు. బోర్డు మీద టమాట పన్నెండు, గద్దెల మీద ఇరవై ఎనిమిది.

ఒక ముసలాయన బోర్డు వైపు వేలు చూపిస్తే అమ్మే ఆమె, "అయితె బోర్డుకాడనే కొనుక్కో పో బాపు, మంచిగ జోకుతది" అంది.

ఆఫీసు గదికి తాళం వేసి ఉంది. తలుపు మీద సమ్మె నోటీసు అంటించారు. పక్కన స్టూలు మీద వాచ్‌మన్ కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. రెండుసార్లు అతని ముందు నుంచి నడిచి, మూడోసారి ఆగి అధికారి గురించి అడిగాను.

"సార్‌ది చిట్యాల దిక్కు ఊరు. సమ్మె మొదలైనంక అటే పోయిండు. భూపాలపల్లి శిబిరంల కూసుంటుండట. నేను గూడ సమ్మెలనే ఉన్న" అన్నాడు.

"మరి ఇక్కడ కూర్చున్నారు?"

"ఇంటికాడ కూసుంటె నా పెండ్లాం ఊకోదు."

ద్వాలక్క బజారు ఎదుట చాయ్ కొట్టు దగ్గర నిలబడి ఉంది. నలభై ఏళ్లుంటాయి. చేతికి పట్టినన్ని గాజులు, మోచేతుల దాకా టమాట ఆకుల పసరు మరకలు. తిడుతుందనుకున్నాను. చాయ్ ఇప్పించింది.

"మంచిగ రాసినవట గద చెల్లె. సార్ సదివి వినిపిచ్చిండు నాకు. నా గురించి గంత మంచిగ ఎవ్వలు చెప్పలే" అంది. గ్లాసులోకి చూస్తూ, "మంచిగ రాస్తెనే దొరికిన" అని ముగించింది.

పక్కన తోపుడుబండి మీద బెండకాయలు పెట్టుకున్న మారుబేరగాడు మమ్మల్ని చూశాడు. "ఏం ద్వాలి, కారటున్నన్ని దినాలు మమ్మల దొంగలన్నవ్. ఇప్పుడు నువ్వు గూడ మా లెక్కనే. దా, కూసో, జాగ ఇస్త" అన్నాడు.

ద్వాలక్క చాయ్ డబ్బులిచ్చి ఆటో ఎక్కింది.

తండాకు ఆటోలో మనిషికి పదిహేను రూపాయలు, అరగంట దారి. చెలకలో టమాట గుత్తులు గుత్తులుగా పండి ఉంది. కొన్ని అప్పటికే పగిలి మట్టి మీద పడ్డాయి. మధ్యాహ్నం జొన్నరొట్టె, టమాట కారం పెట్టింది. ఈ కోత పది రోజులు నిలుస్తుందని లెక్క చెప్పింది. అడ్తి వ్యాపారి తోటకు వచ్చి కిలోకు నాలుగు రూపాయలు ఇస్తానన్నాడట.

"కారటు రాకుంటె ఈ కోత ఆనికే ఇస్త. వచ్చే వానకాలం అందరి లెక్క పత్తి పెడుత. పత్తికి గద్దె అక్కర లేదు, బోర్డు అక్కర లేదు" అంది.

గోడ అవతల నుంచి ఆమె వదినె లంబాడీ భాషలో ఏదో అంటే ద్వాలక్క నవ్వింది. ఏమందని అడిగాను. "పత్తి వండుకుంటవా అంటుంది" అంది.

సాయంత్రం ఐదున్నరకు నేను మళ్లీ పట్టణానికి వచ్చాను. ఆమె తోడు రాలేదు. "నాకు మొకం చెల్లదు. అడ్డా మీదోళ్లు కుప్పలేవని అడుగుతరు" అంది.

గోడ పక్కన ద్వాలక్క కూర్చునే చోట తోపుడుబండి ఉంది, పొద్దున మాట్లాడిన మనిషిదే. ఆరు దాటాక అడ్డా మీది ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. పనులు సగం ఆగిపోయాయి కాబట్టి ఎప్పుడూ వచ్చే మందిలో మూడోవంతు కూడా లేరు. సిమెంటు పట్టిన జుట్టుతో ఒకామె బండి ముందు నిలబడి, ఐదు రూపాయల టమాట పెట్టమంది.

"ఐదు రూపాలకా? ఫోటో దీసుకపో" అన్నాడు బండివాడు.

"నీ ఫోటో ఎవ్వలికి గావాలె, దిష్టికి గూడ పనికిరాదు" అంది ఆమె. పక్కనున్నవాళ్లు నవ్వారు. అయినా వాడు జోకలేదు. ఆమె ఆ ఐదు రూపాయలకు పచ్చిమిరపకాయలు కొని కొంగున కట్టుకుంది. కారం నూరుకుని అన్నంలో కలుపుకుంటారు.

ఎండాకాలంలో నేను ఎప్పుడూ దూరంగానే కూర్చున్నాను. ఆమెకు నా ముఖం గుర్తు లేదు. నా పక్కనే అరుగు మీద చతికిలబడి, తన పేరు యాకమ్మ అని తనే చెప్పింది. ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఒక అత్త.

"ఈడ ఒక లంబాడామె గంజుకుప్పలు పోసేది బిడ్డా. రెండేండ్లు నా ఇంట్ల కూరకు కరువు లేకుండె. ఎవతో ఆమె మీద కాయిదం రాసిందట. ఆమె బతుకు ఆగమాయె, మా గంజు ఆగమాయె."

నేను తల ఊపాను.

"గసొంటోళ్లకు కడుపు నిండినంక ఏం తోచదు" అంది యాకమ్మ, కాళ్లు ఒత్తుకుంటూ. "నీది ఏ ఊరు?"

జనగామ అన్నాను. ఆ రాత్రి తండాలోనే పడుకున్నాను. డైరీలో ఆ రోజు పేజీలో రైలు వేళలు మాత్రమే ఉన్నాయి.

మంగళవారం ఏడు ఇరవైకి మానుకోటలో రైలెక్కి తొమ్మిదింటికి వరంగల్‌లో దిగాను. హన్మకొండ చౌరస్తాకు ఆటోకు పదిహేను. అక్కడి నుంచి పరకాలకు ప్రైవేటు జీపులు నడుస్తున్నాయి. బస్సులో ఇరవై అయ్యేది జీపులో అరవై అడిగారు. పది మంది పట్టే జీపులో మేం పదహారు మందిమి. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఇంకిద్దరున్నరు, జర అందరు ఊపిరి లోపలికి గుంజుకోండ్రి" అన్నాడు.

"బయటికి ఎప్పుడు ఇడువాలె అన్నా?" అన్నారెవరో.

"పరకాలల."

నా ఒడిలో ఎవరిదో చంటిపిల్ల పడుకుంది. పరకాలలో దిగేసరికి పదకొండు ఇరవై. రెండు మిర్చీలు, ఒక చాయ్, పన్నెండు రూపాయలు. భూపాలపల్లి ఆటోవాడు ఎనభై అన్నాడు. ఆ వేళకు ఇంకో ఆటో లేదు.

రోడ్డుకు రెండు వైపులా పత్తి పగిలి తెల్లగా ఉంది. బొగ్గు లారీలు ఆగిపోయి రోడ్డు బోసిగా ఉంది. గనులు సమ్మెలో ఉన్నాయి. అంచున పొదల మీద నల్లటి దుమ్ము పేరుకుని కదలకుండా ఉంది. ఊరు ఇంకా కిలోమీటరు ఉందనగా రోడ్డుకు అడ్డంగా ఒక లారీ, కొన్ని బండరాళ్లు కనిపించాయి. ఆటోవాడు దింపేశాడు. "వంటావార్పు నడుస్తుంది. మీరు తిని పోండ్రి, నేను గిట్లనే తిరిగిపోత."

తారు రోడ్డు మీదే రాళ్లపొయ్యిలు పెట్టి గుండిగలు ఎక్కించారు. ఉద్యమంలో ఎన్నో ఊళ్లలో ఇలాగే రోడ్డు ఆపి, రోడ్డు మీదే వండి, వచ్చినవాళ్లందరికీ పెట్టేవారు. టార్పాలిన్ మీద చుట్టుపక్కల ఊళ్ల రైతులు తెచ్చి పోసిన వంకాయలు, ఆనిగెపుకాయలు, టమాటలు గుట్టగా ఉన్నాయి. ఎవరూ జోకలేదు. ఆడవాళ్లు కూర్చుని తరుగుతూ పాడుతున్నారు.

అధికారి అక్కడే ఉన్నాడు. ఎండాకాలంలో ఆఫీసు కిటికీలోంచి చూసిన ముఖమే కాబట్టి గుర్తుపట్టాను. యాభై ఏళ్ల మనిషి. తలకు తువ్వాలు చుట్టుకుని, గరిటెతో వరుసలో నిలబడ్డవాళ్లకు కూర వడ్డిస్తున్నాడు. ముందుకు వెళ్లి పిలిచే ధైర్యం లేక నేనూ విస్తరాకు పట్టుకుని వరుసలో నిలబడ్డాను.

నా ముందు ఒకామె ఇద్దరు పిల్లలతో ఉంది. భర్త గనిలో కాంట్రాక్టు కూలీ అని, సమ్మెతో రోజుకూలి ఆగిపోయిందని చెప్పింది.

"ఇరవై దినాలసంది పచ్చిపులుసే. చింతపండు, ఉప్పు, నీళ్లు. ఇయ్యాల రోడ్డు మీద కూర దొరికింది" అంది.

వెనక నుంచి ఎవరో, "రోజు చేద్దాం పిన్నీ, నీకు వంట తప్పుతది" అన్నారు.

"రోజు చేస్తె ఈ వంకాయలు తెచ్చినోళ్లు ఏం తింటరు?" అంది ఆమె. పిల్లల ఆకుల్లో ఇంకొంచెం వేయమని అధికారిని అడిగింది. ఆయన అడగకుండానే రెండు గరిటెలు వేస్తున్నాడు.

నా వంతు వచ్చింది. "సార్, నేను మానుకోట నుంచి వచ్చాను. రైతు కార్డు..." అన్నాను. ఆయన నా ఆకులో కూర వేశాడు. "తిను బిడ్డా మొదలు. తిన్నంక మాట్లాడుదాం" అన్నాడు.

రెండు గంటలకు వడ్డన అయిపోయాక అడ్డంగా నిలిపిన లారీ నీడలో కూర్చుని ఆయన లేఖ చదివాడు. రెండుసార్లు చదివి మడిచి నా చేతిలో పెట్టాడు.

"రిపోర్టు రాసిన పిల్లవు నువ్వేనా?"

అవునన్నాను.

"నాకు కుప్పల సంగతి తెల్వదనుకున్నవా? రెండేండ్లు రోజు పొద్దుగూకి ఆ కుప్పలు దాటుకుంటనే ఇంటికి పోయిన. ఒకసారి నేనూ ఒకటి కొన్న. ఎన్నడు అడగలే. నువ్వు పేరు రాసి, జాగ రాసి, టైం రాసి, ఆఫీసుకు పంపితివి. ఇన్వర్డు నెంబరు పడ్డది. కాయిదం మీదికి ఎక్కినంక నేను చూడనట్టు ఎట్లుంటా? రేపు పైవాళ్లు అడుగుతె నా ఉద్యోగం."

లేఖ మళ్లీ ఆయన వైపు చాపాను. అడగాల్సింది మాత్రం అడిగాను. "ఇప్పుడు సంతకం పెట్టండి సార్. ఆమె టమాట పది రోజులే ఆగుతుంది."

"పెన్ను ముట్టమని ప్రమాణం చేసినం బిడ్డా. నేను సంతకం పెడితె నా చేతులతోని నేనే సమ్మె ఇరగ్గొట్టినట్టు."

"కార్డు ఆఫీసులోనే ఉంది కదా?"

"సొరుగుల ఉన్నది. తాళంచెవి గిదే." చొక్కా జేబులోంచి తీసి చూపించాడు. నేను చేయి చాచలేదు, ఆయన ఇవ్వలేదు. మళ్లీ జేబులో వేసుకుని పైన చేయి పెట్టుకున్నాడు. "ఆఫీసు తెరిస్తె తెరిచినట్టే. ఈడున్నోళ్లకు నేను ఏం చెప్పాలె? నెల జీతం పోయినా కూసున్నరు అందరు. నువ్వు తెలంగాణ పిల్లవే గద?"

చుట్టూ ఉన్నవాళ్లు మా వైపు చూస్తున్నారు. తెలంగాణ కావాలని నాకూ ఉంది. ద్వాలక్కకూ ఉంది, ఆమె గుడిసె మీద కూడా జెండా చూశాను. అవునన్నాను.

"వాచ్‌మన్‌కు ఒక్క మాట ఫోన్లో చెప్పండి సార్, ఆమెను లోపలికి రానివ్వమని."

ఆయన నిజంగానే ఫోన్ చేశాడు. అవతల వాచ్‌మన్ గొంతు నాకు వినబడింది. మిగతా కార్డు రైతులు ఒప్పుకోరని, కార్డు చూపించమంటారని, గొడవ తన మీదికి వస్తుందని చెప్పాడు. అధికారి ఫోన్ పెట్టేసి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"నేను చేసేది ఒక్కటున్నది" అన్నాడు చివరకు. "ఆమెతోని ఒక హామీపత్రం రాయించుకరా. గేటు బయట కూసోనని, జోకకుంట అమ్మనని. సమ్మె అయిపోయిన దినమే ఆ కాయిదం ఫైల్ల పెట్టి కారటు చేతికిస్త. అది రాసిందని నేనే ఆ కారటు రైతులకు ఫోన్ చేసి చెప్త, అందాక ఆమె లోపల కూసోని అమ్ముకోవచ్చు. వాళ్లు నా మాట కాదనరు. కాయిదముంటె ఎవ్వలూ మాట్లాడరు."

"సాయంత్రం లోపలే అమ్మనిస్తే, సార్? కూలి వచ్చే వేళకు? మూడు పేజీల్లో నేను అడిగింది అదే."

"బజారు టైం నా చేతుల లేదు. మన రాష్ట్రం వచ్చినంక చూద్దాం" అన్నాడు. లేచి, నా సంచిలో నాలుగు వంకాయలు వేయబోయాడు. వద్దన్నాను.

మూడున్నరకు జీపు దొరికింది. భూపాలపల్లి ఊళ్లోకి నేను అడుగే పెట్టలేదు. హన్మకొండలో చిన్నమ్మ ఇంటికి చేరేసరికి ఆరున్నర. కాళ్లు కడుక్కుని వరండాలో నిలబడి ద్వాలక్కకు ఫోన్ చేశాను. అధికారి అన్నది అన్నట్టు చెప్పాను. అవతల మేకలు అరుస్తున్నాయి.

"అది రాస్తె ఈ కోత బజార్ల అమ్ముకోవచ్చునా?"

"అవునక్కా. లోపల."

"కుప్పలు ఇగ ఎన్నటికి పొయ్యద్దా?"

"పొయ్యొద్దనే."

"రోజు పొద్దుగాల ఆయన నా గద్దెకాడికి వచ్చి చూస్తడా, గంప పక్కకు పెట్టిన్నా లేదా అని?"

"తెలియదక్కా."

"చూస్తడు. కాయిదమున్నంక చూస్తడు" అంది. మళ్లీ మేకలు. "రాయి చెల్లె. నాకు రాయరాదు గద, నువ్వే రాసి పంపు. ఏలుముద్ర ఏస్త."

యాకమ్మను కలిశానని, ఆమె అన్న మాటలు, అప్పుడు చెప్పాను. ద్వాలక్క విని, "ఆమె నిన్ను తిట్టింది. రేపటిసంది నన్ను తిడతది" అంది. కోపంగా అనలేదు. పొయ్యి మీద ఏదో మాడుతున్నదని ఫోన్ పెట్టేసింది.

బుధవారం ఎనిమిది పదికి కాజీపేటలో రైలు. ఆ రోజు పట్టాల మీద ఎవరూ కూర్చోలేదు, సీటు కూడా దొరికింది. ఈ దారిలో వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే, రైలు ఉన్నంత మేర రైలునే నమ్ముకోవడం మంచిది. హన్మకొండ నుంచి పరకాలకు జీపు పది లోపే ఎక్కాలి, తర్వాత ఎండకూ జనానికీ నిలబడలేరు. దారిలో తిండికి ఇబ్బంది లేదు. ఏ ఊరి ముందు రోడ్డు ఆపినా అక్కడే వండి పెడుతున్నారు. మూడు రోజుల్లో నాకు అందరూ పెట్టేవాళ్లే కనిపించారు. ద్వాలక్క రొట్టె పెట్టింది, అధికారి కూర పెట్టాడు, చిన్నమ్మ అన్నం పెట్టింది. డబ్బులు పెట్టి కొనుక్కుంటానన్న యాకమ్మ ఒక్కతికే కూర లేదు.

కాజీపేట దాటాక డైరీలోంచి ఒక తెల్లకాగితం చింపుకున్నాను. పుస్తకం అట్ట మీద పెట్టుకుని రాశాను. "నేను ఇకమీదట బజారు గేటు బయట కూర్చుని కూరగాయలు అమ్మనని, కాంటా లేకుండా కుప్పలుగా పోసి అమ్మనని, రకాలు కలిపి అమ్మనని, ఇందుకు తప్పినచో నా కార్డు రద్దు చేయవచ్చునని ఇష్టపూర్వకంగా రాసి ఇస్తున్నాను." రైలు కుదుపుకు 'ఇష్టపూర్వకంగా' దగ్గర అక్షరం వంకర పోయింది. ఇంకో కాగితం తీసి మొదటి నుంచి రాశాను. కింద వేలిముద్రకు చోటు వదిలాను.

ఎదుటి సీటులో బడిపంతులులా ఉన్న ఒకాయన ఘన్‌పూర్ నుంచీ చూస్తున్నాడు. ఆయనా సమ్మెలో ఉన్నవాడేనట. కళ్లద్దాలు పైకి జరుపుకుని, "వినతిపత్రమా చెల్లె?" అని అడిగాడు.

కాగితం ఆయన వైపు తిప్పాను. ఆయన చదవలేదు, దూరం నుంచే చూశాడు.

"దస్తూరి ముద్దుగున్నది. గిట్ల రాస్తె ఏ ఆఫీసరైనా సంతకం పెడ్తడు" అన్నాడు.

పెడతారన్నాను. జనగామ వచ్చింది. దిగి, స్టేషను ఎదుటి పోస్టాఫీసు తెరిచే దాకా మెట్ల మీద కూర్చున్నాను.